నిలబెట్టి చూసిన బండి

మా ఇంట్లో కారు మాట మొదటిసారి వచ్చింది ఒక జాకెట్టు వల్ల.

నా భార్య సినిమాలకు కాస్ట్యూమ్స్ చూస్తుంది. హీరో హీరోయిన్ల బట్టలకు డిజైనర్లు వేరే ఉంటారు. ఈవిడ చూసేది వాళ్ళ చుట్టూ ఉండేవాళ్ళ బట్టలు: అత్తగార్లు, మేనమామలు, పూజారులు, పెళ్ళి సీనులో వరసగా నిలబడే ముత్తైదువలు. కుట్టించడం, ఇస్త్రీ చేయించడం, పొద్దున్నే లొకేషన్‌కు చేర్చడం, సాయంత్రం ఒక్కటీ పోకుండా తెచ్చుకోవడం ఆవిడ పని. సగం తీసి ఆపిన సీనును నెల తర్వాత మళ్ళీ మొదలుపెట్టినా అదే చీర, అదే జాకెట్టు, అదే పిన్నీసు ఉండాలి. దాన్ని వాళ్ళు కంటిన్యుటీ అంటారు.

ఆ రోజు షూటింగ్ జూబ్లీహిల్స్‌లో, అద్దెకు తీసుకున్న ఒక బంగళాలో. కృష్ణానగర్‌లో మేముండే సందు నుంచి అదేమంత దూరం కాదు. కానీ మొదట బుక్ చేసిన క్యాబ్ అతను సందులోకి రాలేనని రద్దు చేశాడు. రెండో అతను వచ్చి, హ్యాంగర్లకు వేలాడుతున్న బట్టలు చూసి, "ఇవన్నీ నా బండిలోనా?" అని వెళ్ళిపోయాడు. చివరికి ఆటోలో పెడితే పట్టు జాకెట్టు ఇస్త్రీ అంతా నలిగిపోయింది. ఈవిడ చేరేసరికి లైట్లు వేసి, కెమెరా పెట్టుకుని అందరూ కూర్చున్నారట. ప్రొడక్షన్ మేనేజరు కేకలు కూడా వేయలేదట.

"అమ్మా, యాభై మందిమి ఒక్క జాకెట్టు కోసం కూర్చున్నాం. దానికి కూడా క్యారవాన్ పెట్టమంటారా ఏంటి?" అన్నాడట. అందరూ నవ్వాక పక్కకు పిలిచి, వచ్చే షెడ్యూలుకు సొంత బండి ఉంటేనే పని అనీ, లేకపోతే బండి ఉన్నవాళ్ళను చూసుకుంటామనీ చెప్పాడట.

ఆ షెడ్యూలుకు నెల పైచిలుకు టైముంది. సినిమా చేజారితే పోయేది ఆ ఒక్క సినిమా కాదు. "ఆవిడ టైముకు రాదు" అన్న మాట ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆఫీసులో పుడితే, మధ్యాహ్నం భోజనాలయ్యేలోపల మిగతా ఆఫీసులన్నీ తిరిగి వస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఒక్కో సినిమాతో పోగుచేసుకున్న పేరది. అలాగని నా భార్య సంపాదన అంతా పెట్రోలు బంకులో పోసే బండి కొన్నా, పని పోయినట్టే లెక్క.

నేను బంజారాహిల్స్‌లో ఒక శానిటరీ షాపులో లెక్కలు రాస్తాను. ఇంటర్ సగంలో ఆపినవాణ్ణి. వడ్డీలు, తరుగులు, యూనిట్ ధరలు ఎవరూ నేర్పకుండా తప్పులు చేస్తూ నేర్చుకున్నవే. అందుకేనేమో, ఏ వస్తువు చూసినా ధర కంటే దాన్ని ఉంచుకోవడానికి ఎంతవుతుందన్నదే ముందు తోస్తుంది. ధర ఒకసారి ఏడిపిస్తుంది, ఖర్చు రోజూ ఏడిపిస్తుంది.

సలహాలకు కొదవ లేదు. మా పై వాటాలో ఉండే డాన్స్ అసిస్టెంట్ పెద్ద బండి తీసుకోమన్నాడు. "ఇక్కడ మనిషిని తర్వాత చూస్తారు సార్, ముందు బండిని చూస్తారు." షాపులో మా ఓనరు డీజిల్ అన్నాడు. నల్ల రంగు వద్దని ఇద్దరు, నంబరు కూడితే తొమ్మిది రావాలని ఒకరు చెప్పారు. తొమ్మిది వస్తే మైలేజీ ఎంత పెరుగుతుందని అడిగితే ఆయన నొచ్చుకున్నాడు.

నా లెక్క నేను వేసుకున్నాను. పెట్రోలు, డీజిల్, గ్యాసు, మూడింటికీ కిలోమీటరుకు ఎంతవుతుందో చూశాను. సర్వీసింగ్, ఇన్సూరెన్స్, టైర్ల అరుగుదల కలిపాను. మామూలు పెట్రోలు బండికంటే గ్యాసు బండి దాదాపు సగం ఖర్చుతో నడుస్తుందని తేలింది. మోతీనగర్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ గ్యాసు బండి చూసి, బేరం కూడా ఒక కొలిక్కి తెచ్చాను. డిక్కీలో సగం సిలిండరే ఉన్నా, వెనక సీటు మీద అడ్డంగా రాడ్ వేసి బట్టలు తగిలించవచ్చని నా భార్యను ఒప్పించాను.

"అన్నీ మీరే చూసుకున్నారు గానీ, నా పని ఒక్కరోజన్నా చూశారా?" అంది.

చూడలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడను దింపి వచ్చానే గానీ, ఉండి చూసింది లేదు. ఆ ఆదివారం ఒక సీరియల్ పనికి ఆవిడ రోజంతటికీ కారు మాట్లాడుకుంటే నేనూ వెళ్ళాను.

బంగళా చేరి బట్టలు దించాక కారుకు పనేమీ ఉండదనుకున్నాను. చెట్టు నీడన ఆపిన ఆ కారులో పది గంటలకల్లా ఒక అత్తగారు వచ్చి కూర్చున్నారు. తర్వాత ఆవిడ చెల్లెలి వేషం వేసినావిడ, ఆ తర్వాత పంచెకట్టులో ఒక పెద్దాయన. ఏసీ పూర్తిగా తిప్పారు. డ్రైవరు అలవాటే అన్నట్టు బయట నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఏసీ గదుల్లా ఉండే క్యారవాన్లు పెద్ద నటులకే. మిగతావాళ్ళు షాట్‌కు పిలిచేదాకా ఎండలోనే ఉండాలి.

"వీళ్ళను కూర్చోబెట్టడం నీ బాధ్యతా?" అని గొంతు తగ్గించి అడిగాను.

"బాధ్యత కాదండీ, నా జాకెట్టు. చెమటకు మేకప్ కారి మెడ అంచుకు అంటిందనుకోండి, ఆ మరక పట్టు మీద పోదు. రేపు ఇదే సీను ఉంది. కొత్తది కుట్టిస్తే అదే రంగు దొరకాలిగా? అందుకే కాస్ట్యూమర్లందరం బండిలోనే కూర్చోబెడతాం."

కారులోంచి అత్తగారు అద్దం దించి, "మీ ఆయనేనా అమ్మా? పాపం, ఎండలో నిలబెట్టావేం? వచ్చి కూర్చోండి బాబూ, మీకూ మేకప్ కారుతున్నట్టే ఉంది మొహం" అన్నారు. నేను కూర్చోలేదు. నా దృష్టంతా ఇంజను చప్పుడు మీదే ఉంది.

ఆ రోజు కారు నడిచింది మహా అయితే పాతిక కిలోమీటర్లు. ఆగి ఏసీతో ఉన్నది అయిదారు గంటలు. ఆగిన బండి గంటకు ఎంత తాగుతుందని డ్రైవర్ని అడిగితే, "లీటరుకు కొంచెం అటూ ఇటూ సార్. షూటింగ్ బండికి నడిచింది కాదు, నిలబడ్డదే ఖర్చు" అన్నాడు. గ్యాసైనా అంతే, కదలకుండా మండుతూనే ఉంటుంది. నేను వారాల పాటు వేసిన లెక్కంతా కిలోమీటర్లలో ఉంది. మా ఖర్చు గంటల్లో ఉంది. మోతీనగర్ బండికి బయానా ఇవ్వలేదు, అదే అదృష్టం.

అప్పటిదాకా కరెంటు బండిని నేను లెక్కలోకే తీసుకోలేదు. దూరాలు వెళ్ళలేదనీ, బ్యాటరీ పోతే ఆస్తి పోయినట్టేననీ భయం. మాకు దూరాలే లేవు కదా! ఇంకో సంగతి కూడా ఉంది. నా భార్య కారు నేర్చుకున్నా, జూబ్లీహిల్స్ ఎత్తుల్లో సిగ్నల్ పడిందంటే క్లచ్ దగ్గర తడబడేది. కరెంటు బండికి క్లచ్చే ఉండదు.

జూబ్లీహిల్స్‌లోనే ఒక ఇంట్లో అలాంటి చిన్న బండి అమ్మకానికి ఉందని తెలిసింది. వాళ్ళకది మూడో కారు, కూరగాయలకు తప్ప వాడలేదు. టెస్ట్ డ్రైవ్‌కు వెళ్ళి, ఎత్తు మీదికి ఒకసారి ఎక్కించి, దించి, వాళ్ళ గేటు ముందే ఎండలో ఆపాను. ఏసీ వేసుకుని లోపల కూర్చున్నాను. ఎనభై శాతం చార్జి ఉంది.

కాసేపటికి వాళ్ళ డ్రైవరు అద్దం తట్టాడు. "ఏంది సార్, గిట్ల కూసుంటే బండి ఎట్ల తెలుస్తది? జర నడిపి చూడుర్రి."

"నాకు నిలబెట్టడమే పని తమ్ముడూ."

"గట్లనా!" అని నవ్వి, లోపలికి వెళ్ళి చెప్పినట్టున్నాడు. ఇంటి పెద్దావిడ బయటికొచ్చి, "ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. సంగతి చెప్పాను. ఆవిడ కాఫీ పంపింది. రెండు గంటలయ్యాక చూస్తే చార్జి తొమ్మిది శాతం తగ్గింది. ఆరు గంటలు నిలబెట్టినా మూడో వంతు దాటదు. ప్రయాణం కలిపినా రోజుకు వంద రూపాయల కరెంటు. పెట్రోలుకైతే ఏడెనిమిది రెట్లు. కాఫీ గ్లాసు తిరిగి ఇస్తూ, బండి నాకే ఉంచమని అడిగాను.

ఇక మిగిలింది చార్జింగు. అద్దె ఇల్లు. కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు ఒప్పుకోకపోతే ఈ లెక్కంతా వృథా. షెడ్యూలుకు అప్పటికి వారమే ఉంది. ఇంకొకరు కూడా బండి అడుగుతున్నారని అమ్మేవాళ్ళు చెప్పారు.

మేమిద్దరం వెళ్ళేసరికి ఇంటావిడ గేటు దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది. విషయం విని చేతిలో కాయ అక్కడే వదిలేసింది.

"కారుకు కరెంటా? నా ఫ్రిజ్ బందైతది సారూ. గది గాక ఫోన్ల చూసిన, మంటలు గూడ లేస్తయంట."

"మీ లైను ముట్టుకోనమ్మా. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేరే వైరు, వేరే మీటరు పెట్టిస్తాను. ఖర్చు నాది, బిల్లు నాది. స్తంభం నుంచి వచ్చే వైరు బాగాలేదని అతనంటే, అది మార్పించాకే బండి తగిలిస్తాను."

"మరి నా నీళ్ళ డ్రమ్ములు ఏడ పెట్టాలె? గా జాగల నీ బండి పెడ్తవా?"

"డ్రమ్ములు మెట్ల కింద పెట్టిస్తాను."

ఆవిడ మా ఆవిడ వైపు తిరిగింది. "నీ పని పోతదంటున్నడు, నిజమేనా బిడ్డా?"

"అవునమ్మా" అంది నా భార్య.

ఇంటావిడ మళ్ళీ ఒక చిక్కుడుకాయ అందుకుంది. "సరే పెట్టుకోర్రి. గని శుక్రవారం నన్ను ఫిల్మ్‌నగర్ గుడికి తీస్కపోవాలె. ఏసీ ఎయ్యాలె."

ఎలక్ట్రీషియన్ ఆ వైరు మార్చాల్సిందే అన్నాడు. మార్పించాను. శనివారం బండి ఇంటికి వచ్చింది. రంగు బూడిద, నంబరు కూడితే నాలుగు. నాలుగు చక్రాలకు నాలుగు సరిపోయిందని పై వాటా డాన్స్ అసిస్టెంట్ ఓదార్చాడు.

సోమవారం తెల్లవారకముందే నా భార్య వెనక రాడ్‌కు బట్టలు తగిలించుకుని ఒక్కతే వెళ్ళింది. నేను వస్తానంటే వద్దంది. షాపులో ఆ రోజు రెండు బిల్లులు తప్పు కొట్టాను. అన్నం వేళ దాటినా ఫోన్ రాలేదు. ఎత్తు మీద ఆగిపోయిందేమో, బ్యాటరీ నన్ను మోసం చేసిందేమో అనుకుంటుండగా తనే చేసింది.

"ఏంటి, ఇంతసేపా? టైముకు చేరావా?"

"చేరానండీ. నాకన్నా ముందు లైట్‌మెన్ మాత్రమే ఉన్నారు. మేనేజరొచ్చి చీర వచ్చిందా అన్నాడు, చూపించాను. ఇంకేమనలేదు. అదివరకు ఇంత తక్కువ మాట్లాడింది లేదు."

"చార్జి ఎంతుంది?"

"ఉండండి, చూసి చెప్తాను. లోపల ఇద్దరు అత్తగార్లు, ఒక పూజారి గారు ఉన్నారు. కొంచెం జరగండమ్మా... అరవై రెండు."

నా లెక్కకంటే రెండు ఎక్కువే ఉంది.

"ఇంకోటండీ. మేనేజరు వచ్చే నెల డేట్లు కూడా ఇప్పుడే రాయించుకున్నాడు. ఉంటాను, షాట్‌కు పిలుస్తున్నారు."

ఫోను పెట్టేశాక గానీ ఆకలి తెలియలేదు. క్యారియర్ విప్పి, చల్లారిపోయిన పప్పుచారు అన్నంలో కలుపుకుని, మా ఓనరు ఏదో అడుగుతున్నా పలకకుండా కడుపు నిండా తిన్నాను.