ఎండని వంగమడి

పంతొమ్మిది వందల అరవై రెండులో నర్మద మా వాడకట్టుకు కోడలుగా వచ్చింది. అప్పటికి నేనూ కొత్తకోడలినే. నా పుట్టిల్లు పక్క ఊరే, మావాళ్లు సంతలో కనబడేవాళ్లు. ఆమెది గోదావరి అవతల, జైనూరు దాటాక గుట్టల్లో ఒక పల్లె. రెండు బస్సులు మారి, ఆపై ఎడ్లబండి ఎక్కాలి. తల్లి గంగుబాయిని "ఆయి" అనేది. మేం నవ్వేవాళ్లం.

మా ఊళ్లో ఒక ఆనవాయితీ ఉండేది. కూరగాయల మళ్లు ఎండితేనే కోడళ్లకు పుట్టింటి దారి. ఉగాది నాటికి బావులు అడుగంటేవి, వంగచెట్లు వాడిపోయేవి. ఇక నీళ్లు కట్టే పని లేదు, తెంపే పని లేదు. తొలకరి వానల మిరుగు కార్తె లోపల తిరిగి రమ్మని అత్తలు పంపేవాళ్లు.

నర్మద గుట్టల అలవాటు వెంట తెచ్చుకుంది. తడి ఆరకుండా వంగ మొదళ్ల చుట్టూ మన్ను కనబడకుండా కప్పేది. ముందు వరిగడ్డి పరిచింది. "ఎడ్ల నోటికాడి గడ్డి మట్టిల పోస్తవా?" అని అత్త పోశవ్వ తీయించింది. అప్పటికే అడుగున చెదలు పట్టాయి. తర్వాత పల్లికాయ పొట్టు పోస్తే సగం గాలికి పోయింది. చివరికి రాలిన మోదుగాకులు గంపలకొద్దీ మోసుకొచ్చి పరిచి, ఎగిరిపోకుండా మట్టిపెళ్లలు పెట్టింది. చెట్లకు విస్తళ్లు వేసిందని ఎగతాళి చేశాం. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఉగాదికి మా చెట్లు ఎండాయి. ఆమె మడిలో కలుపు లేదు, నాలుగు రోజులకోసారి బావిలో ఊరిన కాసిని నీళ్లు పెడితే చాలు. వారానికి రెండు గంపల కాయలు దిగేవి.

నేను మూట కట్టుకున్న రోజున నర్మద అత్తను అడిగింది.

"నేను గూడ పోయొస్తనత్తా."

"కాయలెవలు తెంపుతరు బిడ్డా? మడి ఎండనీ, పంపుత."

పోశవ్వ చెడ్డ మనిషేం కాదు. కాస్తున్న చెట్టును వదిలి పొమ్మనడానికి ఆమెకు నోరు రాలేదు. కొడుకు అంతయ్య తల్లి మాట జవదాటడు.

ఇరవై రోజులుండి తిరిగి వచ్చాను. మడి పచ్చగానే ఉంది, నర్మదే చిక్కిపోయింది. ఎడ్ల బేరానికి వచ్చిన వాళ్ల ఊరి అంబదాస్ సంతలో కబురు చెప్పాడట.

"ఆయికి కండ్లు మసకబడ్తున్నయట అక్కా. చూపు ఉండంగనే ఒక్కపారి నా మొఖం జూస్తదట."

మర్నాడు పొద్దున నర్మద మడిలో వంగి, ఆకులు తీసి గట్టున పోస్తోంది. అప్పటికే ఐదు సాళ్లు బోడిగా ఉన్నాయి.

"ఏం జేస్తున్నవే?" అన్నాను.

"ఎండనీ అక్కా."

మట్టిలో తడి నా కళ్లముందే ఆరిపోతోంది. ఆ ఆకులు ఆమె ఎంత దూరం నుంచి మోసిందో నాకు తెలుసు. ఏడుపొచ్చింది.

మూడో రోజుకు ఆ సాళ్లు తలలు వాల్చాయి. పోశవ్వ వచ్చి చెట్లను చూసింది, కుప్పను చూసింది, కోడలిని చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు నడుముకు చుట్టి, దోసెడు ఆకులు ఎత్తింది.

"ఎట్ల పరవాల్నో జూపి పో. కాయలు నేను తెంపుత," అంది. కాసేపటికి వంగిన నడుముతోనే, తల ఎత్తకుండా, "నన్ను గన్న అవ్వ సచ్చిన్నాడు నేను మిరపకాయలు ఏరుతున్న. మొఖం జూడలే," అంది.

నర్మద ఒక్కో మొదలు దగ్గర కూర్చుని, ఆకు మీద ఆకు ఎలా పరవాలో చూపించింది. ఆ మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.

మిరుగుకు ముందు తిరిగి వచ్చింది. మీ ఆయి నిన్ను చూసిందా అని అడిగాను.

"దగ్గర కూసోబెట్టుకొని మొఖమంత చేతులతోటి తడిమింది," అంది. "ఎండలకెల్లి ఇంటికొస్తే, ఎంత నల్లబడ్డవే బిడ్డా అని ఎప్పటికీ అంటుండె. ఈసారి అనలే అక్కా."