లైబ్రరీ బావ వెంట తీసుకెళ్ళిన పుస్తకాలు

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే ఆయనకు లైబ్రరీ బావ అని పేరు పెట్టింది స్వయానా ఆయన మరదలే. పెళ్ళయిన కొత్తలో అత్తవారింటికి నాలుగు రోజులుండి పోదామని వచ్చి, బట్టల సంచీ కంటే పెద్దదైన పుస్తకాల సంచీ ఒకటి దింపాడట. ఆ నాలుగు రోజుల్లో ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదు గానీ, పడుకుంటే తలగడ పక్కన, భోంచేస్తుంటే కంచం పక్కన, ఎవరైనా చూడవస్తే ఏకంగా ఒళ్ళోనే ఉంచుకున్నాడు. మరదలు చూసి చూసి ఆ పేరు తగిలించింది. ఆయనకు కోపం రాలేదు సరికదా, అదేదో బిరుదనుకున్నాడు.

అలాగని ఆయన చదవడని కాదు. చదివేవాడు, మొదటి అధ్యాయాలు. ఇంట్లో అలమరా నిండా ఉన్న పుస్తకాల్లో ముందరి పేజీలు నలిగి, మడతలు పడి, టీ మరకలతో పండిపోయి ఉండేవి. ఆ తర్వాతి పేజీలు ప్రెస్సులో ఎలా పుట్టాయో అలాగే, ఏ కల్మషమూ ఎరక్కుండా ఉండిపోయాయి.

ఇలా ఉండగా మరదలి భర్తకు దేశం ఆ చివరికెక్కడికో బదిలీ అయింది. ఒకసారి వచ్చి వెళ్ళమని మరదలు పోరు పెట్టింది. రెండు రాత్రులు రైల్లోనే గడవాలి. అక్కడ ఏం చూడొచ్చు, ఎక్కడెక్కడ తిరగొచ్చు అని ఇంకొకరైతే ఆలోచిస్తారు. లైబ్రరీ బావ మాత్రం రైల్లో ఏం చదవాలా అన్న ఒక్క బెంగతో నెల్లాళ్ళలో సగమైపోయాడు.

ఆయనకంటూ ఒక సిద్ధాంతం ఉంది. ప్రయాణం ఎంత పొడుగో పుస్తకం అంత లావుండాలి. పైగా ఎదుటి సీటువాళ్ళకు అట్ట మీది పేరు స్పష్టంగా కనిపించాలి. ఈ రెండు లక్షణాలూ ఉన్న పుస్తకాల కోసం దుకాణానికి వచ్చిన వాళ్ళందరినీ సలహా అడగడం మొదలుపెట్టాడు. అదీ ఎప్పుడు? వాళ్ళు కళ్ళు పరీక్షించే యంత్రానికి గడ్డం ఆనించి, కన్నార్పకుండా, కదలడానికి వీల్లేకుండా కూర్చున్నప్పుడు. "మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెబుదురూ, దూరప్రయాణం ఉంది" అనేవాడు. చెప్పేదాకా వదిలేవాడు కాదు.

ఓ కాలేజీ లెక్చరరు అలా దొరికిపోయి ఒక తత్త్వగ్రంథం పేరు చెప్పాడు. "అది చదివాక మనిషి ఇంక పాత మనిషిగా ఉండడండీ" అన్నాడు. చదివిన ఆ లెక్చరరు మాత్రం ఫ్రేము రంగు కోసం వారం రోజులు తిరిగి తిరిగి, చివరికి పాత రంగే పట్టుకెళ్ళాడు. దంతవైద్యురాలు ఒకావిడ ఏదో అనువాద నవల చెప్పింది. దాని మొదటి పేజీలోనే వంశవృక్షం ఉంది. తాతకీ మనవడికీ ఒకటే పేరు. ఎవరు ఎవరో గుర్తు పెట్టుకోవడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలి. ఇక పుస్తకాల షాపువాడు, కొన్నేళ్ళుగా అలమరాకి ఊతంగా ఉన్న ఒక సామ్రాజ్య చరిత్ర మూడో సంపుటాన్ని దుమ్ము దులిపి చేతికిచ్చాడు.

"మరి మొదటి రెండూ?"

"వాటితో మీకేం పనండీ? అందులో ఉన్న రాజులంతా ఇందులోకొచ్చేసరికి పోతారు" అన్నాడు షాపువాడు.

ఆ మాట లైబ్రరీ బావకు మహా సబబుగా తోచింది.

ఆయన భార్య బస్టాండులో మైకు దగ్గర ఉద్యోగం చేసేది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఏది రాదో పొద్దస్తమానం చెబుతుండేది. ప్రయాణం ముందురోజు డ్యూటీ దిగి వస్తూ, సబ్బు కొనడానికి ఆగిన కొట్టు పక్కనే పేపర్లమ్మేవాడి దగ్గర ఒక సన్నటి డిటెక్టివ్ నవల తీసుకుంది. అట్ట మీద ఒక చేతితొడుగు, దాని కింద ఎర్రటి మరక. సబ్బుకు పట్టినంత సేపు కూడా పట్టలేదు ఆ ఎంపిక.

సూట్‌కేసు సర్దే దగ్గర రగడ మొదలైంది. ఆవిడ పెట్టిన శాలువాలు తీసి ఈయన మూడో సంపుటం పెట్టాడు.

"అక్కడ చలట, చెల్లి మరీ మరీ చెప్పింది."

"చదువుకునేవాడికి చలేమిటి?"

"సరే, వణుకు పుడితే మూడో సంపుటం కప్పుకోండి" అని ఆవిడ శాలువాలు చేతిసంచీలోకి మార్చుకుంది.

రైలు కదిలింది. ఎదురుగా ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన రిటైరైన ఎస్సై ఒకాయన. లైబ్రరీ బావ గొంతు సవరించుకుని, తత్త్వగ్రంథం తీసి, అట్ట అందరికీ కనిపించేలా పట్టుకుని, చదివే అద్దాల కోసం జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. ఇంకో జేబు చూశాడు. సంచీ చూశాడు. ఒళ్ళంతా తడుముకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఎవరిదో ఫ్రేముకు స్క్రూ బిగించి, తన అద్దాలు తీసి దుకాణం బల్ల మీదే పెట్టాడు. ఇరవయ్యేళ్ళుగా ఊరందరి చూపూ సరిచేసిన మనిషి, బస్తాడు పుస్తకాలతో, అక్షరం ఆనని కళ్ళతో ప్రయాణానికి బయల్దేరాడు.

ఆ సంగతి భార్యకు చెబితే పరువు గంగలో కలుస్తుందని ఆయన చదువుతున్నట్టే కూర్చున్నాడు. గంభీరంగా పేజీ తిప్పాడు. మధ్యమధ్య తలాడించాడు. ఒకచోట "ఆహా" కూడా అన్నాడు. మధ్యాహ్నానికల్లా తత్త్వశాస్త్రంలో సగం దాటేశాడు. అంత దూరం ఆయన ఏ పుస్తకంలోనూ వెళ్ళి ఎరగడు.

పెద్దావిడ ఇక ఉండబట్టలేకపోయింది. "బాబూ, పొద్దుట్నుంచీ చూస్తున్నా. పేజీలు తిరుగుతున్నాయి గానీ నీ కళ్ళు తిరగట్లేదే?"

భార్య తన చేతిలోని నవల దించి భర్త ముఖంలోకి చూసింది. ఆయన పుస్తకం మూశాడు. "అద్దాలు... కొట్లో..." అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే కొంగేం చేస్తుంది?

ఎస్సై జాలిపడి తన అద్దాలిచ్చాడు. పెట్టుకోగానే అక్షరాలు ఉబ్బి గేదెల్లా మీద మీదకి వచ్చాయి. తిరిగిచ్చేశాడు. ఇంక గత్యంతరం లేక, "నువ్వు చదివి పెట్టరాదూ" అన్నాడు భార్యతో.

ఆవిడ తత్త్వగ్రంథం అందుకుని, అలవాటైన గొంతుతో, ఒక్కొక్క మాటా విడివిడిగా చదివింది. "ఆత్మ అనగా ఏది కాదో, అది కానిది అగుచున్నది." ఆత్మ ఏదో మూడో నంబరు ప్లాట్‌ఫారానికి ఆలస్యంగా వస్తోందన్నట్టుంది ఆ చదవడం. రెండో పేజీలో ఎస్సై గుర్రు పెట్టాడు. మూడో పేజీలో చదివే మనిషే ఆవలించింది.

"నా వల్ల కాదండీ. నా పుస్తకం నేను చదువుకుంటాను."

"అదైనా పైకి చదవమ్మా, నాకూ పొద్దుపోతుంది" అంది పెద్దావిడ.

ఆవిడ మొదలుపెట్టింది. పెద్ద బంగళా, భోజనాల వేళ, దీపాలు ఆరిపోయాయి, వెలిగేసరికి ఇంటి యజమాని కుర్చీలోనే చచ్చి ఉన్నాడు. ఎస్సై కళ్ళు తెరిచాడు. లైబ్రరీ బావ, "ఇలాంటి చెత్త" అని కిటికీ వైపు తిరిగాడు. తిరగడమైతే తిరిగాడు గానీ చెవులు మాత్రం లోపలే వదిలేశాడు.

"తోటమాలే చంపాడు" అన్నాడు ఎస్సై. "నా సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూశాను!" రెండు అధ్యాయాలు తిరిగేసరికి తోటమాలి శవమై తేలాడు. "అయితే వంటవాడు" అన్నాడు ఎస్సై తొణక్కుండా. ఆయన సర్వీసులో కేసులెలా తేలాయో అందరికీ అర్థమైంది.

"మేనల్లుడిని వదిలేస్తారేంటండీ? తలుపు దగ్గర నిలబడింది వాడు కదా!" అన్నాడు లైబ్రరీ బావ, కిటికీ వైపు నుంచే.

భార్య చదవడం ఆపేసింది. "చెత్త కదా, మీరు వింటున్నారా?"

"వినడం లేదు. వినబడుతోంది."

"అయితే లోపల చదువుకుంటాను" అని ఆవిడ పెదాలు బిగించి పేజీ తిప్పింది. పెద్దావిడా ఎస్సై ఆయనవైపు చూసిన చూపుకు మనిషన్నవాడు తట్టుకోలేడు. లైబ్రరీ బావ కొండ దిగాడు. "తప్పైపోయింది. పైకే చదువు" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ విన్నది కాదు.

మర్నాడంతా అదే కొలువు. ఆవిడ ముసలి అత్తగారికి వణికే గొంతు, మేనల్లుడికి నంగి గొంతు, డాక్టరుకు తేనె పూసిన గొంతు పెట్టి చదువుతుంటే, పక్క బోగీలోంచి కూడా జనం వచ్చి నిలబడ్డారు. ఈ మనిషి గొంతులో ఇన్ని గొంతులున్నాయని లైబ్రరీ బావకు ఇన్నేళ్ళుగా తెలియదు. బస్టాండులో మైకు, ఇంట్లో ఉప్పూ పప్పూ, ఇంతే విన్నాడు. ఆవిడ గొంతు బొంగురుపోతే, రైలాగిన చోటల్లా వేడినీళ్ళ కోసం ఆయనే పరుగెత్తాడు. ఒకచోట రైలు కదిలిపోతుంటే గ్లాసు ఒలకకుండా ఎక్కబోయి ఒక చెప్పు పోగొట్టుకున్నాడు. ఎక్కుతూనే అడిగింది ఒకటే. "నేను లేనప్పుడు చదివేయలేదు కదా?"

సరిగ్గా చివరి అధ్యాయం మొదలయ్యేసరికి రైలు స్టేషన్లో ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగి వేళకు రాని రైలు, ఆ రోజే పంతం పట్టినట్టు టైముకొచ్చింది. ఎవరిళ్ళకు వాళ్ళు పోవలసిన వాళ్ళు పోలేదు. ప్లాట్‌ఫారం మీద పెట్టెలు దింపుకుని వాటిమీదే కూర్చున్నారు. పెద్దావిడను శాలువాలో చుట్టి మధ్యలో కూర్చోబెట్టారు. చలికి వణుకుతూ ఒంటి చెప్పుతో లైబ్రరీ బావ వెనకాల నిలబడ్డాడు.

తోడల్లుడు వెతుక్కుంటూ వచ్చి, ఆ గుంపు చూసి హడలిపోయాడు. "వదినా! ఏమైంది? ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

"ఉండవయ్యా, హంతకుడు దొరకబోతున్నాడు!" అని కసిరాడు ఎస్సై. తోడల్లుడు భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

హంతకుడు డాక్టరు. ఎస్సై నోరు వెళ్ళబెట్టాడు. లైబ్రరీ బావ మేనల్లుడి మీద ఆశ వదులుకోలేక, "ఇంకోసారి చూడు, పేజీ అంటుకుందేమో" అన్నాడు. పెద్దావిడ మాత్రం నింపాదిగా లేచి, "నాకు మొదటే అనుమానం. నాడి చూడకుండానే పోయాడని చెప్పాడుగా" అని సంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మరదలి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పెద్ద గ్రంథాలు సంచీ దిగలేదు. వెళ్ళేటప్పుడు అవి తోడల్లుడికి కానుకగా ఇచ్చేశాడు. తోడల్లుడు మొహమాటస్థుడు, వద్దనలేకపోయాడు.

తిరుగు ప్రయాణం రోజున స్టేషన్లోని పుస్తకాల బండి దగ్గర లైబ్రరీ బావ చాలాసేపు నిలబడ్డాడు. మరదలి ఊళ్ళో కొనుక్కున్న కొత్త చదివే అద్దాలు ముక్కు మీదున్నాయి. బండివాడు అలవాటు ప్రకారం లావుపాటి పుస్తకం ఒకటి ముందుకు తోశాడు. ఆయన దాన్ని పక్కకు జరిపాడు.

"ఇందులో మొదట్లోనే ఎవరైనా చస్తారా?" అని ఒక సన్నటి పుస్తకం చూపించి అడిగాడు.

"మూడో అధ్యాయంలో ఒకాయన పోతాడండీ."

"మూడోదాకా ఎవరాగుతారయ్యా?" అని విసుక్కుని, ఇంకొకటి అందుకున్నాడు.