కొట్టుకీ వంటింటికీ మధ్య కంత

అమెరికాలో మేముండే నోవై నుంచి ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే ఇప్పటికీ వారం వారం సంత జరిగే చిన్న ఊరొకటి వస్తుంది. శనివారం పొద్దున్నే రైతులు గుమ్మడికాయలూ తేనె సీసాలూ తెచ్చి మెయిన్ స్ట్రీట్‌లో బల్లలు వేసుకుంటారు. ఆ వీధిలోనే విక్టోరియా రాణి కాలంనాటి ఎర్ర ఇటుకల కొట్టు ఒకటి మ్యూజియంగా ఉంది. కింద కొట్టు, దాని వెనక వంటిల్లు, పైన పడకగదులు. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటున్న రోజుల్లో నేను అక్కడ వాలంటీర్‌గా చేరాను. వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని తిప్పి, ఆ కొట్టు కుటుంబం ఎలా బతికిందో చెప్పడం నా పని.

ఏం చెప్పాలో రాసి ఇచ్చారు. యజమాని ఫలానా. టీ పొడి, పంచదార, గుడ్డలు, దీపం నూనె అమ్మేవాడు. భార్య ఇల్లు చూసుకుంటూ ఆరుగురు పిల్లల్ని పెంచింది, తీరిక దొరికినప్పుడు కొట్లో సాయపడేది. రెండేళ్లపాటు దీన్ని చిలకలా అప్పజెప్పాను. ఆరుగురు పిల్లలున్న మనిషికి తీరిక ఎక్కడ దొరికిందని ఒక్కరోజూ అనుమానం రాలేదు. నేనేమన్నా కలెక్టర్ ఇంట్లో పుట్టానా అంటే అదీ కాదు. కొట్టువాళ్ల పిల్లనే.

మాది గుంటూరు జిల్లాలో మంగళవారం సంత జరిగే ఊరు. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోడ, గుమ్మానికి తెర. బోర్డు మీద నాన్న పేరు. నాన్న సరుకు కోసం ఊళ్లు తిరిగి, సాయంత్రం వచ్చి పేపరు చదువుతూ కొట్లో కూర్చునేవాడు. మంచివాడు, పదిమందినీ నవ్విస్తాడు, కానీ జీలకర్ర డబ్బా ఎక్కడుందో ఆయనకు ఏనాడూ తెలీదు. పొద్దున తలుపులు తీసేదీ, కందిపప్పులో రాళ్లేరేదీ, చింతపండు పొట్లాలు కట్టేదీ అమ్మే. అన్నం కలుపుకున్నాక బేరం వస్తే చెయ్యి కడుక్కుని లేచేది. తిరిగొచ్చేసరికి కంచంలో అన్నం ఎండిపోయేది. ఇదంతా కళ్లారా చూస్తూ పెరిగి, స్కూలు ఫారాల్లో తల్లి వృత్తి అన్నచోట నేను ‘గృహిణి’ అని రాశాను. ఎవరూ చెప్పి రాయించలేదు. అమ్మ విజిటర్ వీసా అప్లికేషన్‌లో కూడా అదే టైప్ చేశాను.

మోకాళ్ల నొప్పులు ఎక్కువై రెండేళ్ల కిందట అమ్మ కొట్టు అద్దెకిచ్చేసింది. పోయిన సెప్టెంబర్‌లో మా దగ్గరికి వచ్చింది. నాన్న విమానం పడదని రాలేదు. వచ్చిన రెండోరోజుకే నా వంటింటి డబ్బాలన్నీ తన చేతికి అందేలా మార్చేసుకుంది. ఇంక మార్చడానికేమీ మిగల్లేదని కిటికీలోంచి పార్కింగ్ లాట్‌ని చూస్తూ కూర్చునేది. చూడలేక ఒక శనివారం నాతోపాటు మ్యూజియంకి తీసుకెళ్లాను.

మ్యూజియం చూసుకునే పెద్దావిడ రిటైరైన టీచర్. అమ్మ చేతులు రెండూ పట్టుకుని పలకరించి, మీ అమ్మగారు ఇండియాలో ఏం చేసేవారని నన్ను అడిగింది.

“హౌస్‌వైఫ్. మా నాన్నకి షాప్ ఉండేది,” అని టక్కున చెప్పేశాను.

అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ఆ మాటలు తెలుసు. ఒక్కసారి నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా పెద్దావిడ ముందు దిద్దుకోవడానికి మొహం చెల్లక ఊరుకున్నాను.

అమ్మ నన్ను వదిలేసి కొట్లోకి నడిచింది. వచ్చినవాళ్లంతా పైన లేసు దుప్పట్లు చూడ్డానికి మెట్లవైపు వెళ్తారు. అమ్మ అడ్డంగా కట్టిన తాడు కిందనుంచి దూరి కౌంటర్ వెనక్కి వెళ్లిపోయింది.

“అమ్మా, రోప్ దాటకూడదు! ఏదీ ముట్టుకోకు!”

“బేరాలు నుంచునే చోట నుంచుని చూస్తే కొట్టేం తెలుసుద్దే?” అంది.

కౌంటర్ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చేత్తో తడిమింది. వీధి తలుపు వైపు చెక్క కొత్తదిలా ఉంది. వంటింటి వైపు మాత్రం మోచేతులు ఆనీ ఆనీ పల్లం పడింది. అక్కడే గోడలో, నుంచున్నవాళ్ల ఛాతీ ఎత్తున, నోటు పుస్తకమంత కంత ఉంది. గాలి కోసం అని దాని పక్కన చీటీ అంటించారు. అమ్మ స్టూలు లాక్కుని కంత పక్కన కూర్చుంది.

“గాలి కోసమైతే ఇంత కిందన పెడతారా? ఇట్రా, నువ్వు కూర్చుని చూడు.”

కూర్చున్నాను. కంతలోంచి వంటింట్లో పొయ్యి కనబడింది. సరిగ్గా పొయ్యే, ఇంకేమీ కాదు. మా ఇంట్లోనూ అమ్మ గోడలో రెండు ఇటుకలు పీకించి, పాలు పొంగుతున్నాయేమో కొట్లోంచే చూసుకునేది. ఆ కంతలోంచి నేను ఎన్ని టీ గ్లాసులు అందించి ఉంటాను! అలాంటిదాన్ని, రెండేళ్లుగా దీని ముందు నుంచుని గాలి, గాలి అని చెబుతున్నాను.

“మగాళ్లు వీధి గుమ్మం దగ్గర కూర్చుంటారు. పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన మనిషే ఇక్కడ కూర్చుంటది,” అంది అమ్మ. “ఈ కొట్టు ఆవిడదే.”

ఇంతలో పెద్దావిడ వచ్చి, తాడు లోపల మమ్మల్ని చూసి కంగారుపడింది. అమ్మ అన్నదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కూడా స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూసింది. నిజమే అనిపిస్తోంది గానీ రాతపూర్వకంగా ఏమీ లేదు, కాగితం లేకుండా చీటీ ఎలా మార్చను అంది. అది అమ్మకు తెలుగులో చెప్పాను.

“కాగితం ఎక్కడుంటదే? బోర్డు మీదే పేరు లేకపోయె,” అంది అమ్మ. కౌంటర్ మీది పల్లం తడుముతూ, “ఈ కొట్టావిడకి ఆరుగురు పిల్లలున్నారన్నావుగా. వాళ్లనైనా ఎవరో ఒకరు అడిగే ఉంటారు, మీ అమ్మ ఏం చేసుద్దని. ఏం చెప్పారో ఏమో,” అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి మొహం చెల్లడం, చెల్లకపోవడం చూసుకోలేదు. పెద్దావిడతో, ఇందాక నేను అబద్ధం చెప్పానన్నాను. షాప్ నడిపింది మా అమ్మ, ముప్పై రెండేళ్లు నడిపింది, బోర్డు మీద పేరు మాత్రమే నాన్నది అన్నాను. పెద్దావిడ స్టూలు మీదనుంచి లేచి, అమ్మ భుజం పట్టుకుని దానిమీద కూర్చోబెట్టింది. అప్పుడే లోపలికి వచ్చిన ఒక జంటను పిలిచి, ఈవిడ షాప్‌కీపర్, ఈ కొట్టు గురించి ఇవాళ ఈవిడ చెబుతారు అంది.

“ఏమంటందే నా గురించి?” అంది అమ్మ.

“నువ్వు షాప్‌కీపర్‌వి అని చెప్తోందమ్మా. ముప్పై రెండేళ్లు నడిపావని నేను చెప్పాను.”

అమ్మ పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది.

“ముప్పై ఆరు,” అంది. “నువ్వు పుట్టకముందు నాలుగేళ్లు ఎవరు కూర్చున్నారనుకున్నావు? సరిగ్గా చెప్పు వాళ్లకి.”

నేను ఆ జంట వైపు తిరిగి సరిగ్గా చెప్పాను.