వాయుపుత్రుణ్ణి అడిగిన మానిఫోల్డు

మా అనంతపురం హోటళ్లమీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఏం బాగుంటుందని అడిగితే సర్వర్ ఎప్పుడూ ఒకటే చెప్తాడు, అన్నీ బాగుంటాయి సార్ అని. అది జవాబు కాదు, తప్పించుకోవడం. తిన్నాక కడుపు మనదే గదా.

ఈ మాట అనడానికి నాకు అర్హత కొంచెం తక్కువ. మా నాయన పాత పెట్రోలు కారు ఇంజన్ నేను విప్పి మళ్లీ కట్టినప్పుడు చేసింది కూడా ఆ సర్వర్ పనే.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చాలించుకున్నాక నాయనకు మిగిలిన సరదా ఆ కారొక్కటే. రోజూ పొద్దున్నే తోలుకొనిపోయి చేను చూసి వచ్చేవాడు. వాన లేని చేన్లో చూసేదానికి ఏమీ ఉండదు. అయినా చూసి వచ్చేవాడు. ఎడమ మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కడం కష్టమయింది. మూడో గేరులో వేసి, ఇంక మార్చకుండా ఇల్లు చేరడం అలవాటు చేసుకున్నాడు. ముసలి ఇంజన్ దానికి ఒప్పుకోవడం లేదు. కొంచెం లాగుడు పెంచమని నన్నడిగినాడు. ఆయన అడిగింది కొంచెం లాగుడు. మెకానికల్ చదివిన నాకు వినబడింది ఇంకేదో.

పెద్ద పిస్టన్లు వేసినాను. క్యామ్‌షాఫ్టు మార్చినాను. చివరికి మానిఫోల్డు మిగిలింది, అంటే ఇంజన్లోకి గాలిని తీసుకుపోయే గొట్టాల గుత్తి. రెండు రకాలు తెప్పించినాను. పొడుగు గొట్టాలదైతే నిదానంగా పోయేటప్పుడు బాగా లాగుతుంది. పొట్టి గొట్టాలదైతే ఇంజన్ గట్టిగా తిరిగినప్పుడే బలమంతా, నిదానంగా తిరిగేటప్పుడు నీరసం. రెండిటి గుణాలూ విడమరచి చెప్పినాను. ఏదో ఒకటి తేల్చి చెప్పప్పా అన్నాడు నాయన. వాడకాన్ని బట్టి ఉంటుందన్నాను. ఆయన వాడకం నాకు తెలుసు. హైవే మీద పొట్టి గొట్టాలు ఎట్లా పాడతాయో కూడా తెలుసు.

మా పక్క, పెండ్లి సంబంధమైనా, బోరు వేసే తావైనా ఎటూ తెగకపోతే పూలు పెట్టి దేవుణ్ణి అడుగుతారు. నాయన ఆంజనేయస్వామి గుడికి పోదామన్నాడు. గాలి సంగతి వాయుపుత్రునికి కాక ఇంకెవరికి తెలుస్తుందని ఆయన వాదం. కాలేజీలో ఇంతకంటే బలహీనమైన వాదాలకు మార్కులు పడటం చూసినవాణ్ణి, ఊరుకున్నాను. తెల్లపువ్వు వస్తే పొడుగుది, ఎర్రపువ్వు వస్తే పొట్టిది. రెండూ కాగితాల్లో పొట్లాలు కట్టి స్వామి ముందర పెట్టినాం. పూజారి కండ్లు మూసుకొని ఒకటి తీసినాడు. ఎర్రది.

బిగించినాను. చేనిదారిలో మూడో గేరు వేస్తే కారు వణికి నిలబడిపోయేది. గొర్రెలమంద అడ్డమొస్తే రెండో గేరు, స్పీడుబ్రేకరు వస్తే ఒకటో గేరు. నాయన మోకాలు వాచింది. కొన్నాళ్లు ఎవరికీ చెప్పకుండా తోలినాడు. తర్వాత తాళంచెవి నా చేతికిచ్చి, చేనికి పోవడమే మానుకున్నాడు. పొడుగు గొట్టాలది అటకమీదనే ఉంది, ఒక్క పూటలో మారుస్తానని చెప్పి చూసినాను. ఒప్పుకోలేదు. మనమే పోయి అడిగి, చెప్పినాక కాదంటే స్వామికి మర్యాదగా ఉండదంట.

మొన్నొక ఆదివారం ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకొని పెనుకొండ మీదుగా హైవేలో సోమందేపల్లె దాకా తోలినాను. కారు అద్భుతంగా పోయింది. కారు బాగా పోయినందుకు నాకు ఎప్పుడూ అంత బాధ కలగలేదు. నాయన మోకాలిమీద చెయ్యి పెట్టుకొని, చేన్లు వెనక్కి పోతుంటే చూస్తున్నాడు. స్వామి ఏమీ అనుకోడులే నాయనా, మార్చేస్తాను అన్నాను మళ్లీ.

నాయన చేన్లమీద నుంచి చూపు తిప్పి నా తట్టు చూసినాడు.

"స్వామికి బండి తోలను రాదు. ఆ సంగతి నీకు ఆ పొద్దే తెలుసు," అన్నాడు. "మల్ల నోరు యాల మూసుకొంటివి?"