డా హెన్నీ తుడిపేసిన ముఖాలు

బర్మాలో, సంచౌంగ్ పేటలో మా ఎదురింటివాళ్ళు తలుపులకు రంగు వేయిస్తున్నారు. టర్పెంటైన్ వాసన మా వంటింట్లోకి వచ్చేసరికి, చిన్నప్పుడు లమ్మడా పేటలో మేమున్న పాత భవనం పై అంతస్తూ, అక్కడ బొమ్మలు వేసుకునే డచ్చి ఆవిడా గుర్తొచ్చారు.

ఆమె పేరు హెన్నీ. పెద్ద ఆడవాళ్ళకు బర్మాలో మర్యాదగా చేర్చే ‘డా’ కలిపి డా హెన్నీ అనేవాళ్ళం. ఓడల్లో ఇంజనీరైన భర్తతో హాలెండు నుంచి వచ్చి, ఆయన పోయాక కూడా తిరిగి వెళ్ళకుండా, రేవులో మూటలు మోసే మా తాతలాంటివాళ్ళ బొమ్మలు వేస్తూ, వాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకుని, ఇక్కడే ముసలిదైంది. బయటి సరుకేదీ దేశంలోకి రాని ఆ ఏళ్ళలో రంగులు దొరక్క, ఇటుక పొడీ దీపం మసీ అవిసె నూనెలో నూరుకునేది. వానాకాలం మధ్యాహ్నాలు నేనూ మా పిన్నీ నూరిపెట్టడానికి వెళ్ళి, అమ్మ పంపిన వేడివేడి పులిబొంగరాలు ఆమెతో కలిసి తిని, మోచేతులదాకా ఎర్రటి మరకలతో దిగివచ్చేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు సైనిక పాలన వద్దంటూ జనం వీధుల్లోకి వచ్చారు. కాలేజీలో చదివే పిన్నీ వెళ్ళింది. డా హెన్నీ బాల్కనీలోంచి చూసి ఆ ఊరేగింపును గోడంత గుడ్డ మీద వేసింది. పక్క వాటావాళ్ళు, మా బడి పంతులమ్మ, ముందు వరసలో పిన్ని, ఎవరి ముఖం వాళ్ళదే. తర్వాత కాల్పులు జరిగాయి. పిన్ని తిరిగి రాలేదు. ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది.

వారం తిరక్కుండా సైనికుల సోదాలు మొదలయ్యాయి. నాన్న మమ్మల్ని వెంటబెట్టుకుని పైకి వెళ్ళాడు.

“ఆ మొకాలు తుడిపెయ్యాలమ్మా. ఆలు సూస్తే అందర్నీ అట్టుకుపోతారు,” అన్నాడు.

“మీ పిన్నిదీనా?” అని డా హెన్నీ నన్నడిగింది.

“దానిదీ తుడిపెయ్యండి. మాకింకా ఈ పిల్ల ఉంది కదా,” అంది అమ్మ.

డా హెన్నీ తెల్లరంగు తీసి ఒక్కో ముఖం మీదా పూసుకుంటూ పోయింది. పిన్నిది ఆఖరున పూసింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు, ఆకలి మాత్రం వేసింది. కిందికొచ్చాక పిన్ని ఫోటోలన్నీ నాన్న పొయ్యిలో పెట్టాడు.

ఆ ఏడాదే డా హెన్నీకి ఇక్కడ ఉండే అనుమతి ఆగిపోయింది. ఆ గుడ్డను పూల బొమ్మల మధ్య చుట్టి తీసుకెళ్ళింది.

ఇప్పుడా భవనం లేదు, అమ్మానాన్నలూ లేరు. ఈమధ్య డా హెన్నీ మేనకోడలు హాలెండు నుంచి ఒక పుస్తకం పంపింది. డా హెన్నీ పోయాక అక్కడ పెట్టిన ప్రదర్శనదట. ఒక నిండు పేజీలో ఆ బొమ్మ ఉంది. ముఖాల్లేని మనుషులను గీయడం చిత్రకారిణి గొప్ప ఊహ అని కింద అచ్చువేశారు. ముందు వరసలో ఎడమ నుంచి రెండో మనిషి మా పిన్ని అని ఉత్తరం రాశాను. పిన్ని ఎలా ఉండేదో రాయమని మేనకోడలు అడిగింది. మోచేతులదాకా ఎర్రటి మరకలు తప్ప ముఖం గుర్తురావడం లేదు, ఇంకా జవాబు రాయలేదు.