తమ్ముడు ఇవ్వని తుపాకి

ఎన్నికల ముందు పుంగనూరు నుంచి మదనపల్లెకు వస్తున్నాను. తుపాకుల చట్టం ఇంకా గట్టిగా ఉండాలా వద్దా అని బస్సులో వాదన. ఉండాలని నేనూ అన్నాను.

పక్కన కూర్చున్న కుప్పం వైపు రైతు నా వైపు తిరిగాడు.

“అడవిపందుల కోసరం నాకొకటి, నా తమ్మునికొకటి తుపాకులుండె. ఇద్దరమూ పోలీసు స్టేషన్లో ఇచ్చేద్దామని వాడే చెప్పె. నమ్మి నేను ఇచ్చేస్తి. వాడు దాచిపెట్టుకున్యాడు. చేనిగట్టు తగాదాలో దాంతోనే నా కొడుకును కాల్చేసినాడప్పా.”

“తుపాకి ఎందుకిచ్చానా అనిపిస్తుందా?” అని అడిగాను.

“లేదప్పా. నా కాడ ఉండింటే నేనూ వాన్ని కాల్చిందును. ఇచ్చేద్దామన్నప్పుడు వాడు నా భుజం మీద చెయ్యేసినాడు సూడు, అదే మర్చిపోలేకుండా ఉండాను.”

మదనపల్లెలో దిగేటప్పుడు, వెనకనుంచి ఎవరో దారి కోసం అతని భుజం తట్టారు. అతను ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.