‘మీరేనా?’ అని అడిగే ఫోను

మా స్కూల్లో పొద్దున్నే టీచర్లందరూ సెల్‌ఫోన్లు హెచ్చెమ్ గారి బీరువాలో పెట్టి క్లాసులకి వెళ్ళాలి. మొగల్తూరు దాటాక సముద్రం వైపు పోయే రోడ్డు మీద చిన్న ప్రైవేటు హైస్కూలు మాది. నేను లెక్కల టీచర్ని. మొరాయించిన ప్రింటర్‌ని ఒకసారి నాలుగు దెబ్బలేసి పనిచేయించిన పాపానికి కంప్యూటర్ల గోల కూడా నా నెత్తినే పడింది.

మార్కులు, టైమ్ టేబుళ్ళు, పిల్లల బస్సు వివరాలు అన్నీ ఆన్‌లైన్లో పెట్టాలని మేనేజ్‌మెంట్ వాళ్ళు మనిషికో ఖాతా ఇచ్చారు. ఎవరైనా కొత్త చోట పాస్‌వర్డ్ కొడితే ‘సైన్ ఇన్ చేస్తున్నది మీరేనా?’ అని ఫోనుకి ప్రశ్న వస్తుంది. మా ఫోన్లేమో బీరువాలో. అందుకని ఆ ఖాతాలు పెట్టడానికొచ్చిన టెక్నీషియన్ అందరి ప్రశ్నలూ స్టాఫ్ రూములో ఉన్న స్కూలు ఫోనుకే వచ్చేట్టు చేసి పోయాడు. ఫోను మోగినప్పుడు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు ‘అవును’ నొక్కేవారు. ఎక్కువగా నొక్కింది తెలుగు మాస్టారు. ఆయన కుర్చీ దాని పక్కనే. “పాపం, ఎవరో క్లాసులో తంటాలు పడుతున్నారమ్మా, కాదంటే ఏం బాగుంటుంది?” అనేవారు.

కొన్నాళ్ళకి ‘కొత్త పరికరం నుంచి సైన్ ఇన్ జరిగింది’ అని హెచ్చరికలు మేనేజ్‌మెంట్‌కి వరసగా వెళ్ళడం మొదలైంది. అవి నాకు పంపించి, స్టాఫ్‌కి అర్థమయ్యేలా చెప్పమన్నారు. సరే, ఒక శనివారం మధ్యాహ్నం పిల్లల్ని పంపించేశాక అందర్నీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టాను.

“ఈ హెచ్చరిక మనిషి రాసేది కాదు, మిషను దానంతటదే పంపుతుంది. దానికి మన మొహాలు తెలియవు. పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా అన్నదే తెలుసు. అందుకే మనల్ని అడుగుతోంది. అడిగిన పాపానికి అవునవునని నొక్కేయడమేనా?” అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. సైన్స్ టీచర్ ఆవలించింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. “చీకటి పడ్డాక బయటినుంచి ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దని మీ ఇళ్ళల్లో చెప్పలేదా? ఇదీ అంతే. మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది!”

“దెయ్యాలు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసే రోజులొచ్చాయన్నమాట,” అన్నారు తెలుగు మాస్టారు. అందరూ గొల్లున నవ్వారు.

ఆ నవ్వుల్లోనే ఫోను మోగింది. తెర మీద మా హిందీ మేడమ్ పేరు. ‘సైన్ ఇన్ చేస్తున్నది మీరేనా?’

హిందీ మేడమ్ నా ఎదురుగానే కూర్చుని పేపర్లు దిద్దుతోంది. ఆవిడ సెల్‌ఫోను బీరువాలో ఉంది. స్కూల్లో ఉన్న కంప్యూటర్లన్నీ నేనే స్వయంగా ఆపి వచ్చాను. మనిషి ఇక్కడుంటే, అదే మనిషినని చెప్పుకుంటూ ఇంకెక్కడో ఎవరో లోపలికి రాబోతున్నారు. మాస్టారి వేలు అలవాటుకొద్దీ ‘అవును’ మీదకి పోతుంటే, పెద్దాయనని కూడా చూడకుండా చేతిమీద ఒక్కటిచ్చాను.

ఎవరని అడగలేదు హిందీ మేడమ్. “ఏ ఊరు చూపిస్తోందండీ?” అంది.

“భీమవరం. కానీ ఊరిని నమ్మకూడదండి, నెట్‌వర్క్‌ని బట్టి సుమారుగా చూపిస్తుంది,” అని పాఠం అప్పజెప్పాను.

“ఇదివరకటివి చూపిస్తారా?”

ముందు ‘కాదు’ నొక్కి, కంప్యూటర్ ఆన్ చేసి ఆవిడ చేతే ఖాతా తెరిపించాను. మొదట వచ్చింది విశాఖపట్నం నుంచి. తర్వాత రాజమండ్రి. ఆ తర్వాత తణుకు. ఇప్పుడు భీమవరం. దీనికి ముందు ప్రతి ఊరికీ మా స్టాఫ్ రూములోంచి ఎవరో ఒకరం ‘అవును’ అని దారిచ్చాం. లోపలికొచ్చినవాళ్ళు ఏదీ చెరపలేదు, ఏదీ మార్చలేదు. రెండే తెరిచారు. ఆవిడ టైమ్ టేబులూ, తొమ్మిదో తరగతి పిల్లలు ఎక్కే బస్సు వివరాలూ. ఆవిడ కూతురు మా స్కూల్లోనే తొమ్మిదో తరగతి.

భర్త కువైట్‌లో ఉంటాడని చెప్పింది మాకు. మా వైపు ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పైగా బంగారం ఎప్పుడు తెస్తాడని ఆటపట్టించేవాళ్ళం.

“కువైట్ లేదు ఏమీ లేదండి,” అంది. గొంతు మామూలుగానే ఉంది. ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. “పారిపోయొచ్చామండి. ఖాతాకి నా పాత మెయిలే ఇచ్చాను, పాస్‌వర్డ్ మా పాప పేరూ, పుట్టినరోజూ. ఆయనకి తెలుసు. ఈసారి దొరికితే ఇద్దర్నీ బతకనివ్వనన్నాడు.”

తెలుగు మాస్టారు ఆ ఫోనుకి దూరంగా కుర్చీ జరుపుకున్నారు. “ఎన్నిసార్లు నొక్కానో తల్లీ… నువ్వే అనుకున్నాను,” అన్నారు. ఆయన్ని ఓదార్చే ఓపిక నాకు లేకపోయింది.

కొత్త పాస్‌వర్డ్ పెట్టించాను. ఆవిడ కొడుతున్నంతసేపూ అందరం గోడవైపు తిరిగి నిలబడ్డాం. పోలీసుల్ని పిలుద్దామని హెచ్చెమ్ గారంటే, “ఒకసారి చెప్పానండి. రాజీ చేసి ఆయనతోనే పంపించారు,” అంది. ఆ సాయంత్రమే తల్లినీ కూతుర్నీ నా స్కూటీ మీద నరసాపురం బస్టాండుకి తీసుకెళ్ళాను. ఎక్కడికెళ్తున్నారని అడగలేదు. తెలిస్తే నా నోరు ఎక్కడ జారుతుందోనని నాకే భయం. బస్సెక్కే ముందు, “డిగ్రీ, బీయెడ్ సర్టిఫికెట్లు ఆయన దగ్గరే ఉండిపోయాయండి. కాపీలు ఆ ఖాతాలోనే ఉన్నాయి. ఎక్కడైనా ఉద్యోగం దొరికితే తీసుకుంటాను,” అంది. ఆ పిల్ల నాకు టాటా చెప్పింది. స్కూలు యూనిఫాంలోనే ఉంది.

తర్వాతి వారం ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమ. గుమ్మం బయటే చెప్పులు విడిచి, “నమస్కారమండీ, మా అమ్మాయిని తొమ్మిదిలో చేర్పిద్దామనండి,” అన్నాడు. ఆయా మంచినీళ్ళిస్తే రెండు చేతులా అందుకుని, “చల్లగా ఉండమ్మా” అన్నాడు. ఎంత మర్యాదస్తుడనీ! నేను ఊహించుకున్న మొహం ఇది కాదు. అందుకే ఎక్కువ భయమేసింది.

ఫీజు అడగలేదు, బస్సు అడగలేదు. “హిందీ ఎవరు చెప్తారండి?” అన్నాడు.

“ఎవరూ లేరండి. పోస్టు ఖాళీ,” అన్నారు హెచ్చెమ్ గారు.

ఆయన నవ్వి, గోడ మీది టైమ్ టేబుల్ కేసి కాసేపు చూశాడు. చదవనక్కర్లేనివాడు చూసినట్టు చూశాడు. “పర్వాలేదండి, మళ్ళీ కనుక్కుంటాను,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఎంత నోరున్నదాన్నో నేను, వెనకాలే వెళ్ళి గేటు గడియ మాత్రం వేసొచ్చాను.

దసరా సెలవులైపోయాయి. ఆవిడ దగ్గరనుంచి కబురు లేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలు చేస్తుండగా స్టాఫ్ రూము ఫోను మోగింది. హిందీ మేడమ్ పేరు. కాకినాడ. ‘మీరేనా?’

కొత్త పాస్‌వర్డ్ ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. పాస్‌వర్డ్ సరిపోతేనే ఈ ప్రశ్న వస్తుందని వీళ్ళకి చెప్పింది నేనే. అయితే అది ఆవిడైనా కావాలి, లేదా ఆవిడ చేత చెప్పించుకున్నవాడైనా కావాలి.

“ఆవిడేనేమోనండీ! ఉద్యోగం దొరికిందేమో, సర్టిఫికెట్లు కావాలేమో,” అంది సైన్స్ టీచర్. ఆవిడ నంబరుకి చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. స్విచాఫే. ఎంగిలి చేతులతో అందరూ నా చుట్టూ నిలబడ్డారు. నొక్కమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఆవిడైతే స్కూలుకి ఫోన్ చేస్తుంది, ఎలాగోలా కాపీలు అందించొచ్చు. వాడైతే, ఆవిడ గొంతుతో లోపలికొచ్చి ఇంకెవరిని పిలుస్తాడో. నేను ‘కాదు’ నొక్కాను.

చక్రం కాసేపు తిరిగి, తెర పచ్చగా వెలిగింది. ‘ధన్యవాదాలు. ఖాతా సురక్షితంగా ఉంది.’

తెలుగు మాస్టారు కళ్ళజోడు సవరించుకుని పైకే చదివారు. తర్వాత నాకేసి చూశారు.

“ఖాతా సంగతి సరేనమ్మా. మరి ఆ తల్లి సంగతో?”